కోసిన కన్ను పోటు పెట్టినప్పుడు

శుక్లమునకో, నీటికాసులకో శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరిన వృద్ధురాలు కన్ను పోటు పెట్టుచున్నదని అన్నచో, మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో వినవచ్చు సమాధానమొకటి ఉన్నది: "కోసిన కన్ను, నొయ్యదా మరి?" ఈ సమాధానమును గురించియే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

కొద్దిపాటి మెరమెర సహజమే. కాని చూపు మసకబారి, కన్ను ఎర్రబడి, పోటు కణతకు ప్రాకి, వాంతి వచ్చునట్లున్నచో అది సహజము కాదు. అందుకు గల కారణములలో అరుదైనది, అపాయకరమైనది 'మాలిగ్నెంట్ గ్లాకోమా'. ఇది రాచపుండు కాదు. చికిత్సలకు లొంగని దాని మొండితనమును చూచి 1869లో జర్మను వైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రాఫె ఆ పేరు పెట్టెను.

కంటిలో నిత్యము ఊరెడి నీరు పాపగుండా ముందుగదిలోనికి వచ్చి, నల్లగ్రుడ్డు అంచునగల జల్లెడవంటి దారిని బయటికి పోవలెను. ఈ వ్యాధిలో ఆ నీరు దారి తప్పి వెనుకకు మళ్ళునని వైద్యుల అభిప్రాయము. వెనుకనుండి త్రోపుడు వచ్చుటచే ముందుగది అంచులందే గాక నడుమకూడ ఇరుకగును. కంటి ఒత్తిడి పెరుగును. నల్లపొరకు రంధ్రము చేసియున్నను తగ్గదు. దీనిని గుర్తించుటకు వైద్యునికి ఇదియే ముఖ్యమైన ఆనవాలు. కంటి వెనుక రక్తము చేరలేదని స్కానింగుచే నిశ్చయించుకొనుటయు అవసరమే.

ఇక చికిత్సలోని వింత. నీటికాసులకు ఏనాటినుండియో వాడుకలోనున్న పైలోకార్పిన్ చుక్కలు ఇచట వ్యాధిని ముదిరించును. ఇరుకుకోణపు కండ్లకు వేయుటకు జంకెడి అట్రోపిన్, కటకమును వెనుకకు లాగి, ఇచట మేలు చేయును! దానితోపాటు టిమోలాల్ చుక్కలు, ఎసిటజోలమైడ్ మాత్రలు, నరమునకు మానిటాల్ ఇత్తురు. సుమారు సగముమందికి అయిదు దినములలో గుణమిచ్చును. తక్కినవారికి లేజరో, కంటిలోని జిగురుపదార్థమును తొలగించు శస్త్రచికిత్సయో కావలెను. గుణము కనిపించినదని అట్రోపిన్‌ను తమంతట తామే మానినవారికి వ్యాధి తిరుగబెట్టవచ్చును. పొరుగింటివారి చుక్కలమందు సంగతి వేరుగా చెప్పవలెనా?

1996–2000 నడుమ జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో ఆదిలాబాదు పల్లెలును ఉండెను. నీటికాసులున్నవారిలో అత్యధికులకు ఆ సంగతియే తెలియదని అందు తేలినది. చిన్న కండ్లు, ఇరుకుకోణము గలవారికే ఈ ఉపద్రవము ఎక్కువ. ఒక కంటికి వచ్చినచో రెండవ కంటికిని భయమే. శస్త్రచికిత్సకు ముందే ఈ వివరము వైద్యునికి చెప్పవలెను.

ఆదిలాబాదునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. ముధోలులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారి కేంద్రమున్నది. పోటు రాత్రి మొదలైనచో తెల్లవారుసరికి, కోసిన వైద్యునివద్దకో, దగ్గరి కంటి ఆసుపత్రికో బయలుదేరవలెను. ఆసుపత్రి చీటీని, వాడుచున్న చుక్కలమందుల సీసాలను వెంట తీసికొనిపోవుడు.