మట్టిని ఉడికించడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను బాయిలర్లతో పనిచేసే ఇంజనీరును. అందుకే నాకు తెలిసిన ఆవిరి గురించే నాలుగు మాటలు చెబుతాను.

మన వైరా చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే రైతుల దగ్గరికి ఎవరో ఒకరు సీసా పట్టుకొస్తారు. ఇందులో మేలుచేసే సూక్ష్మజీవులున్నాయి, పోస్తే చేను మారిపోతుందంటారు. నిజమేమో. తేల్చాలంటే కుండీల్లో పరీక్ష పెట్టాలి. కానీ చేలోంచి తెచ్చిన మట్టిలో, గ్రాముకే కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. మొక్క ఏపుగా పెరిగితే ఆ గొప్ప సీసాదా, మట్టిదా?

అందుకని ముందు మట్టిని ఉడికించాలి. ప్రయోగశాలల్లో దీనికి ఆటోక్లేవ్ ఉంటుంది. అది మన ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న. 15 పౌండ్ల ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. అయితే మట్టిలోకి వేడి మెల్లగా దిగుతుంది. సంచి నిండా కూరితే అంచులు ఉడికి, నడుమ పచ్చిగా ఉండిపోతుంది. కాస్త తడిపి, పల్చగా పరిచి, గంటసేపు పెట్టాలి. మర్నాడు మళ్లీ పెట్టాలి. ఎందుకంటే కొన్ని బాక్టీరియాల సిద్ధబీజాలు మొదటి వేడికి చావవు. చల్లారాక మొలకెత్తుతాయి, అప్పుడు రెండో వేడికి దొరుకుతాయి. ఈ కిటుకును 1870లలోనే జాన్ టిండాల్ చూపించాడు.

ఇక్కడే అసలు చిక్కు. ఉడికిన మట్టి పాత మట్టి కాదు. కొన్ని నేలల్లో మాంగనీసు ఎక్కువగా కరిగి మొక్కకు విషమవుతుంది. అమ్మోనియా పేరుకుంటుంది, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా చచ్చిపోయింది కదా! కాబట్టి పచ్చి మట్టిలో సీసా మందు పోసినవి, పోయనివి, ఉడికిన మట్టిలో పోసినవి, పోయనివి, అన్నీ ఉండాలి. ఇంకో వరుస కూడా పెట్టండి: సీసాలోని మందును కూడా ఉడికించి, చల్లార్చి పొయ్యండి. దానికీ మొక్క అంతే పెరిగితే పనిచేసింది జీవులు కావు, ద్రవంలోని ఎరువు. ఈ వరుసను చాలామంది వదిలేస్తారు.

చేనంతా కుక్కర్లో పెట్టలేం. తడిపిన నేలపై పారదర్శక ప్లాస్టిక్ పట్టా పరిచి ఎండకు నాలుగు నుంచి ఆరు వారాలు వదిలే పద్ధతిని 1976లో ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం ప్రకటించింది. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కంది ఎండు తెగులుపై పరీక్షించారు. ఇది పూర్తి నిర్జీవీకరణ కాదు, తెగుళ్లను తగ్గిస్తుందంతే. మిర్చి నారుమడికి మన మే నెల ఎండ సరిపోతుందేమో, ఊళ్లోనే ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి.

పిల్లలూ, కుక్కర్‌తో చేసేటప్పుడు సారు పక్కనుండాలి. మట్టిని గుడ్డ సంచిలో కట్టి నీటికి పైన, స్టాండు మీద పెట్టండి. మట్టి రేణువులు విజిల్ గొట్టంలో అడ్డుపడితే ప్రమాదం. ఆ కుక్కర్ మళ్లీ వంటకు వాడొద్దు. ఇంట్లోది మాత్రం తేకండి, అమ్మ ఊరుకోదు.