గళ్ళకూ చారలకూ పేర్లు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఏ విషయమైనా మాట్లాడండి గాని డి.ఏ. బకాయిల జోలికి పోవద్దు, దానికి వేరే తీర్మానం ఉంది" అన్నారు. అందుచేత ఈ రోజు గళ్ళ గురించి, చారల గురించి, చుక్కల గురించి మాట్లాడదలచుకున్నాను. నవ్వకండి. ఒక్క మాట తగ్గినందువల్ల ఒక మనిషికి నష్టం జరిగింది. ఆ మాట తగ్గించినవాణ్ణి నేనే.

రిటైరైన తరువాత కోఠీ పేవ్‌మెంటు మీద ఒక పాత పుస్తకం కొన్నాను. అది ఎస్పరాంటో నేర్పే పుస్తకం. ఎస్పరాంటో అంటే ఏ దేశం వారిదీ కాని, ఒక మనిషి కూర్చుని తయారుచేసిన భాష. ఆయన పేరు జామెన్‌హోఫ్. 1859లో బియాలిస్టోక్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. రష్యన్లు, పోలిష్ వారు, జర్మన్లు, యూదులు ఎవరి భాష వారు మాట్లాడుకుంటూ ఒకరినొకరు అనుమానంగా చూసుకునే ఊరది. అందరికీ సమానంగా ఒక రెండవ భాష ఉంటే బాగుంటుందని ఆయన చిన్నతనం నుంచీ అనుకున్నాడు. 1887లో వార్సాలో మొదటి పుస్తకం అచ్చువేశాడు. అందులో వ్యాకరణం 16 సూత్రాలు, ధాతువులు సుమారు 900. ఆ భాష మీద తనకు హక్కులేమీ అక్కరలేదని, అది అందరి సొత్తని అందులోనే ప్రకటించాడు. వృత్తిరీత్యా ఆయన కంటి డాక్టరు. కాటరాక్టు ఆపరేషన్లు చేయించుకున్న మనకు ఆయన దగ్గరవాడేనని నా ఉద్దేశం.

900 ధాతువులతో లోకంలోని గుడ్డలన్నిటినీ, జంతువుల ఒంటి మీది గుర్తులన్నిటినీ వర్ణించడం ఎట్లా అని నాకు సందేహం వచ్చింది. పుస్తకంలో జవాబు దొరికింది. ప్రతిదానికీ కొత్త మాట పుట్టించనక్కరలేదు. ఉన్న మాటలను అతికితే చాలు. "స్ట్రీయో" అంటే చార. చివర "ఓ" తీసి "ఆ" పెడితే "స్ట్రీయా", అంటే చారల. "బ్లూఆ" అంటే నీలం. రెండూ కలిపితే "బ్లూస్ట్రీయా", నీలి చారల. "మకూలో" అంటే మచ్చ, "మకూలా" అంటే మచ్చల. "క్వాడ్రాటో" అంటే చదరం. దానికి "ఏట్" చేర్చి "క్వాడ్రాటేటో" అంటే చిన్న చదరం. "ఏగ్" చేర్చి "క్వాడ్రాటేగో" అంటే పెద్ద చదరం. "క్వాడ్రాటా" అంటే చదరంగా ఉన్నది. "క్వాడ్రాటీటా" అంటే గళ్ళు గీసినది. చదరపు గుడ్డ వేరు, గళ్ళ గుడ్డ వేరు గదా! ఆ తేడా ఒక చిన్న ప్రత్యయం చూసుకుంటుంది. ఇంకెటూ కుదరకపోతే "ఉమ్" అనే ప్రత్యయం ఉంది. దానికంటూ నిర్ణీతమైన అర్థం లేదు. "కోలో" అంటే మెడ, "కోలూమో" అంటే చొక్కా కాలరు. పదిహేనవ సూత్రం ప్రకారం చాలా భాషలలో ఒకే రూపంలో ఉన్న మాటను పెద్ద మార్పు లేకుండా తీసుకోవచ్చు. "జిగ్‌జాగో" అలాంటిదే.

ఇది చదువుతున్నప్పుడు 1979 నాటి సంగతి మనసులో మెదిలింది. అప్పుడు నేను ఒక జిల్లా కార్యాలయంలో గుమాస్తాని. హాస్టళ్ళకు దుప్పట్లు నేయమని ఒక చేనేత సంఘానికి ఆర్డరు వెళ్ళాలి. నమూనా ముక్క సన్న గళ్ళది. చిత్తుప్రతిలో "సన్న గళ్ళ దుప్పట్లు" అని ఉంది. సాపుప్రతి రాసేటప్పుడు నేను "సన్న" వదిలేశాను. సాయంత్రం అయిదు దాటింది, బస్సు తప్పిపోతుందన్న తొందర. వారి మగ్గాల మీద మామూలుగా నేసేవి పెద్ద గళ్ళు. అవే నేసి పంపారు. సరుకు నమూనాకు సరిపోలేదని బిల్లు ఆగిపోయింది.

సంఘం తరపున ఒక పెద్దాయన మూడుసార్లు వచ్చాడు. మూడోసారి నా బల్ల దగ్గర నిలబడి ఓపికగా చెప్పాడు: "బాబూ, పడుగులో రంగు మారిస్తే నిలువు చార, పేకలో మారిస్తే అడ్డ చార, రెండింటిలోనూ మారిస్తే గడి. ఎన్ని పోగులకు మార్చాలో మీరు రాయాలి గదా. రాయనిది మేమెట్టా నేసేది?" ఫైలు నా చేతిలోనే ఉంది. చిత్తుప్రతి అందులోనే ఉంది. నేను నోరు విప్పలేదు. "పైవారు చూస్తున్నారు" అన్నాను. ఏడు నెలల తరువాత కొంత కోత కోసి బిల్లు పాస్ చేశారు. ఆ కోత కూలి డబ్బుల్లోంచే పోయి ఉంటుంది. ఆయనకు నిజం చెప్పే అవకాశం మళ్ళీ రాలేదు. అందుకే ఈ రోజు మీ అందరి ముందు చెబుతున్నాను.

ఆయన చెప్పిన పద్ధతీ ఎస్పరాంటో పద్ధతీ ఒకటే. కంటికి ఎట్లా కనబడుతుందో కాక, ఎట్లా తయారవుతుందో దాన్నిబట్టి పేరు పెట్టడం. మన ఇళ్ళలో ఆడవారు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. మా ఇంటావిడ ముగ్గుకు పువ్వు పేరో పక్షి పేరో చెప్పదు. "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు, సందు చుక్క" అంటుంది. ఆ మాట వింటే చాలు, చూడకపోయినా పక్కింటివారు వేయగలరు.

అయితే ఒక హెచ్చరిక. మాట తయారుచేయడం తేలికే, నిలబెట్టడం కష్టం. ఎస్పరాంటోలోనూ పండితులు ప్రతిపాదించిన కొత్త మాటలు ఎన్నో వాడేవారు లేక మూలబడ్డాయి. మన కార్యాలయాలలో కమిటీలు కూర్చుని చేసిన అనువాద పదాల గతి మీకు తెలియనిది కాదు. పనిచేసే చేతికి అవసరమైన మాటే బతుకుతుంది.

కాబట్టి నాదొక మనవి. మన సభ్యులలో నేత కుటుంబాల వారున్నారు. ముగ్గులు వేసే అమ్మలున్నారు. అంచులకు, గళ్ళకు, మెలికలకు మీ ఇంట్లో వాడే మాటలు ఒక కాగితం మీద రాసి, ఆ నమూనా ఎట్లా తయారవుతుందో పక్కన ఒక వాక్యం చేర్చి, సంఘం కార్యాలయంలో ఇవ్వండి. సాపుప్రతి నేను రాస్తాను. ఈసారి ఒక్క మాట కూడా వదలను.