మా నాయన బండి ఏది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. "బడి గురించి అందరూ చెప్తారు. నువ్వు జీవితమంతా గ్యారేజీలో గడిపినోడివి, పాత మోటారు సైకిళ్ల గురించి చెప్పు" అన్నారు. సరేనన్నాను. కానీ మా నాయన బండి సంగతి చెప్పకుండా నేను ఏ బండి సంగతీ చెప్పలేను. అది చెబితే బడి సంగతి కూడా వస్తుంది.

మా ఇంట్లో ముందు గదిలో ఒక ఫొటో ఉంది. మా నాయన ఇరవై రెండేళ్ల వయసులో, చొక్కా చేతులు మడిచి, పెద్ద మోటారు సైకిలు మీద కూర్చున్నాడు. వెనకాల అభ్రకం షెడ్డు. ఆయన అప్పుడు గూడూరులో ఒక అభ్రకం యజమాని దగ్గర గుమాస్తా. ఆ ఫొటో చూపించి మా అన్నా నేనూ ఎన్ని గొప్పలు చెప్పుకున్నామో లెక్క లేదు. "మా నాయన అప్పట్లోనే బుల్లెట్టు నడిపాడు" అని. మన ఊళ్లో పెద్ద బండి ఏదైనా బుల్లెట్టే కదా. మొన్నీమధ్య మా మనవడు ఆ ఫొటో పెద్దది చేయించి, "తాతా, అచ్చం ఇలాంటి బండే కొని బాగు చేయిద్దాం. ఇది ఏ మోడలు?" అన్నాడు. ముప్ఫై ఏళ్లకు పైగా బస్సుల ఇంజన్లు విప్పినవాణ్ణి, నోరు వెళ్లబెట్టాను. అరవై ఏళ్లుగా చూస్తున్న ఫొటోలో నేను ఎప్పుడూ నాయన మొహమే చూశాను గానీ బండిని చూడలేదు.

అప్పుడు భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. ముందు మడ్‌గార్డు మీద నిలువుగా బిగించిన నంబరు పలక. మొదటి అక్షరం ఒక్కటే కనపడుతోంది, ఎం. అంటే మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు రిజిస్టరైన బండి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ వాళ్లు బుల్లెట్లు బిగించడం మొదలుపెట్టింది 1955లో. మన గొప్పలో మొదటి చీలిక అక్కడే పడింది.

ఫొటో పట్టుకుని చెన్నై పుదుపేటకు పోయాను. పాత బండ్ల సామాను కావాలంటే ఇప్పటికీ అక్కడికే పోవాలి. అక్కడ ఒక ముసలి మెకానిక్కు నా చేతిలోంచి ఫొటో తీసుకుని, నాయన వంక కన్నెత్తి కూడా చూడకుండా, వెనక చక్రం మీద వేలు పెట్టాడు. "వెనక షాకులు ఏవి సార్? లేవు. సీటు కింద స్ప్రింగులే. ముందర చూడు, హ్యాండిలు కింద పెద్ద స్ప్రింగు, దానికి అటూ ఇటూ కడ్డీలు. దీన్ని గర్డర్ ఫోర్కు అంటారు. సిలిండరు పక్కన పైకి పోయే గొట్టాలు లేవు, వాల్వులు కిందే ఉన్నాయి. మిలిటరీ బండి. బి.ఎస్.ఎ. కావచ్చు, నార్టన్ కావచ్చు." అంతే. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. తుపాకులు చేసే కంపెనీ. అందుకే వాళ్ల గుర్తులో మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం20 అనే 496 సి.సి. బండ్లు 1,26,000 దాకా సైన్యానికి చేసి ఇచ్చింది. వేగం పెద్దగా ఉండదు గానీ మొండిది. యుద్ధం అయిపోయాక ఇట్లాంటి బండ్లు డిస్పోజల్స్‌లో అమ్మేస్తే, డబ్బున్నవాళ్లు కొనుక్కున్నారు. సైదాపురం, కలిచేడు వైపు గనుల దారులకు అంతకంటే తగిన బండి ఏముంటుంది?

బి.ఎస్.ఎ.నా, నార్టనా అన్నది మాత్రం తేలలేదు. తేల్చింది మా ఇంట్లో ట్రంకు పెట్టె. అందులో నాయన రాసిన ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. దాంట్లో కొన్ని పేజీల పైన ఇంగ్లీషులో 'డబ్ల్యు.ఎం.20' అని, పక్కన పొడుగాటి అంకె ఒకటి. మా చిన్నప్పటి నుంచీ దాని మీద మా ఇంట్లో ఒక కథ ఉంది. ఎవరో డబ్ల్యు.ఎం. అనే దొర 20 రూపాయలు అప్పు తీసుకుని ఎగ్గొట్టి ఓడెక్కాడని. మా అమ్మ ఆ దొరను తిట్టని తిట్టు లేదు. పాపం, ఆ దొర పుట్టనే లేదు! యుద్ధ కాలపు ఎం20 బండ్ల మీద నంబరుకు ముందు కొట్టిన అక్షరాలు అవి. దాని కింద నాయన చేతిరాత: పెట్రోలు 2 గ్యాలన్లు, ప్లగ్గు, ట్యూబు ప్యాచీ, అన్నీ రూపాయలు, అణాలు, పైసల్లో. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి అంతకు ముందరి లెక్కలే.

ప్రతి పేజీ అడుగునా ఇంకో మాట ఉంది. 'యజమాని గారి పద్దు.'

బండి మాది కాదు. శనివారం శనివారం గనుల్లో కూలీలకు జీతం డబ్బులు సంచిలో వేసుకుని తీసుకుపోవడానికి యజమాని ఇచ్చిన బండి. మా నాయన దాన్ని నడిపిన గుమాస్తా.

ఈ మాట అమ్మకు ఎట్లా చెప్పాలా అని రెండు రోజులు నసిగాను. ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయి. చివరికి చెబితే, తమలపాకు ఈనె తీస్తూ, తలెత్తకుండా అన్నది: "మనదని నేనెప్పుడన్నానురా? ఆయన నడిపాడన్నాను. మనది అన్నది మీరిద్దరే. మన బండి రాజ్‌దూత్ కదా."

అయ్యవార్లూ, నేను ఇక్కడికి రావాలనే ఇంత దూరం తిప్పాను.

రేడియో వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాక అభ్రకానికి గిరాకీ తగ్గిపోయింది. మా నాయన పని చేసిన షెడ్డు కూడా మూతపడింది. ఆయన నిమ్మకాయల మార్కెట్లో చిన్న కమీషను వ్యాపారం పెట్టుకుని, నాలుగు చేతులు మారిన రాజ్‌దూత్ ఒకటి కొన్నాడు. ఎస్కార్ట్స్ కంపెనీ పోలండు వాళ్ల ఎస్.హెచ్.ఎల్. బండి నమూనాలో చేసిన 173 సి.సి. టూ స్ట్రోకు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. వెనకాల నీలం పొగ. రెండు వైపులా నిమ్మకాయల బస్తాలు, మధ్యలో నాయన, ట్యాంకు మీద నేను.

అప్పట్లో మన సైన్సు అయ్యవారికి జావా ఉండేది, గుర్తుందా? మైసూరులో తయారైన 250. ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కిక్కు రాడ్డే గేరు రాడ్డు. ఆయన దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పి తన్నుతుంటే మనం చుట్టూ చేరి చూసేవాళ్లం. అది బండి అంటే! అదే రోజుల్లో 'బాబీ' సినిమా వచ్చింది, 1973లో. అందులో హీరో నడిపిన చిన్న బండి కూడా రాజ్‌దూతే, జి.టి.ఎస్. మోడలు. ఇంక చూసుకోండి. నిమ్మకాయల బస్తాలతో మా నాయన గేటు దగ్గరకు వస్తుంటే మనవాళ్లు "బాబీ వచ్చె, బాబీ వచ్చె" అని కేకలు. ఎవరెవరు అరిచారో పేర్లు చెప్పను. ఒకరిద్దరు ఈ సభలోనే నవ్వుతున్నారు.

ఒకరోజు నేను, "నాయనా, ఇంక నన్ను మలుపు దగ్గరే దించెయ్, నడిచి పోతాను" అన్నాను. ఎందుకని అడగలేదు. మర్నాటి నుంచి మలుపుకు ఇంకా చాలా ముందుగానే ఇంజను ఆపేసేవాడు. బండి చప్పుడు లేకుండా, పొగ లేకుండా, ఆ వాలులో దానంతట అది దొర్లుకుంటూ వచ్చి మలుపు దగ్గర ఆగేది. నేను దిగి వెనక్కి చూడకుండా పోయేవాణ్ణి. ఇది ఒక రోజు కాదు, పదో తరగతి అయిందాకా. తర్వాత నాకు పాలిటెక్నిక్కులో సీటొస్తే ఆ రాజ్‌దూత్ అమ్మి ఫీజు కట్టాడు. మార్కెట్టుకు సైకిలు మీద పోయాడు. మాది కాని బండికి ముందు గదిలో పటం కట్టాం. మా బండికి ఒక్క ఫొటో కూడా లేదు.

లేదనే అనుకున్నాను. పోయిన నెల ఈ సంచిక కోసం మన సంఘం వాళ్లు పాత గ్రూపు ఫొటోలన్నీ పోగు చేశారు కదా. మా 1976 బ్యాచి ఫొటో కూడా పంపించారు. మనం మూడు వరసల్లో బిగుసుకుపోయి నిలబడి ఉన్నాం. బాగా ఎడమ పక్కన, చివర నిలబడినవాడి మోచేతి వెనక, గోడ పక్కన ఒక మోటారు సైకిలు ముందు చక్రం ఉంది. సగమే. మిగతాది ఫ్రేము కట్టినప్పుడు కత్తెరలో పోయింది.

జావాకైతే ముందర రెండు నిటారు గొట్టాల ఫోర్కు ఉంటుంది. ఈ చక్రానికి అట్లా లేదు. వెనక నుంచి ముందుకు వచ్చి ఇరుసును పట్టుకున్న అడ్డ కడ్డీ ఉంది. రాజ్‌దూత్ పాత మోడలు ఫోర్కు అది. రాజ్‌దూత్‌లు ఊళ్లో చాలా ఉన్నాయి, నిజమే. కానీ ఆ మడ్‌గార్డు చివర త్రికోణంగా ఒక నల్లటి ముక్క వేలాడుతోంది. బురద ఎగరకుండా మా నాయన పాత లారీ ట్యూబు కత్తిరించి తనే బిగించిన ముక్క. కత్తెర నేనే అందించాను.

గ్రూపు ఫొటో రోజు ఆయన మలుపు దగ్గర ఆగలేదన్న మాట. లోపలికి వచ్చాడు. వచ్చి ఎక్కడ నిలబడ్డాడో, నన్ను చూశాడో లేదో, ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. ఇంటికొచ్చి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు మనకందరికీ తలా ఒక ప్రతి ఇచ్చారు. కొందరైనా ఫ్రేము కట్టించకుండా పుస్తకంలో పెట్టుకుని ఉంటారు. మీ ఇళ్లల్లో, మీ అక్కచెల్లెళ్ల ఇళ్లల్లో, అటకల మీద ఒకసారి వెతకండి. ఎడమ అంచు కత్తిరించని ప్రతి ఏదైనా దొరికితే దాన్ని నాకు ఇవ్వక్కర్లేదు. ఒక్క గంట చూడనిచ్చి తీసుకుపోండి. భూతద్దం నా దగ్గరే ఉంది.