ఖరీదైన నగరంలో సామాన్యుడి ఇల్లు



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టిన రోజుల్లో కష్టమంతా కట్టడంలోనే ఉండేది. నేడు ముంబయి వంటి నగరంలో పునాది తీయకముందే, జాగా దగ్గరే మన శక్తి అయిపోతుంది.

ముందుగా ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఏడాదికి 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు అప్పు తీసుకుంటే ప్రతి లక్షకూ నెలవాయిదా సుమారు 900 రూపాయలు. నెలకు 25,000 సంపాదించే కుటుంబం అందులో మూడో వంతు వాయిదాకు కేటాయించినా, పుట్టే అప్పు 9 లక్షల పైచిలుకు మాత్రమే. అప్పు 40 లక్షలైతే వాయిదా 36,000. అంటే జీతాన్నే మించిపోయింది. వడ్డీ ఒకటి రెండు శాతం తగ్గినంత మాత్రాన ఈ గొయ్యి పూడదు. ధరలో పెద్ద భాగం నేలదే కనుక, ఆ నేల ఖరీదు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న.

మహారాష్ట్రలో ఇందుకు కొన్ని మార్గాలు తొక్కి చూశారు. 1995లో ఝోపడపట్టీల పునర్వసన ప్రాధికరణం ఏర్పడింది. ఇందులో బిల్డరు గుడిసెవాసులకు ఉచితంగా ఇళ్లు కట్టిస్తాడు. బదులుగా అదే జాగాలో అదనంగా కట్టి అమ్ముకునే హక్కు పొందుతాడు. ప్రభుత్వం చేతి నుండి పెద్దగా డబ్బు పెట్టదు. వినడానికి బాగానే ఉంది. కాని అమ్ముడుపోయే ఇళ్ల మీద వచ్చే లాభమే దీనికి ఆధారం. బజారు పడిపోతే పని ఆగుతుంది, జనం తాత్కాలిక వసతుల్లో ఏళ్లు గడుపుతారు. పాత నివాసులకు తప్ప కొత్తగా పనికి వచ్చిన వాడికి ఇందులో చోటు లేదు.

మన తెలుగు నేతపనివారు చెమటోడ్చిన బట్టల మిల్లుల కథ మరొకటి. 1991 నిబంధనల ప్రకారం మిల్లు భూమిని అభివృద్ధి చేస్తే మూడో వంతు ఖాళీ స్థలాలకు, మూడో వంతు మ్హాడా ఇళ్లకు, మిగిలింది యజమానికి. 2001లో ఆ వాటా కట్టడాలు లేని భూమికే వర్తించేలా మార్చారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. దాంతో నగరం నడిబొడ్డున పేదల ఇళ్లకు దక్కవలసిన నేల బాగా తగ్గిపోయింది.

వర్లీ బీడీడీ చాళ్ల సంగతి వేరు. అక్కడ నేల ప్రభుత్వానిదే. 160 చదరపు అడుగుల ఖోలీల్లో తరాలు గడిపిన వారికి 500 చదరపు అడుగుల ఇళ్లు ఇస్తున్నారు. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళంచెవులు అందాయి. నేల ప్రజల చేతిలో ఉంటే ఎంత తేడా వస్తుందో చూడండి.

ఇక షోలాపూరు. అక్కడి బీడీ కార్మికురాళ్లలో మన తెలుగు ఆడపడుచులు ఎందరో. మాజీ శాసనసభ్యుడు నరసయ్య ఆడమ్ నాయకత్వాన వారు సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 2006లో గోదూతాయి పరుళేకర్ పేర పదివేల ఇళ్లు వచ్చాయి. కేంద్రం, రాష్ట్రం, కార్మికురాలు తలా ఒక వాటా వేసుకున్నారు. తరువాత కుంభారి దగ్గర రేనగర్‌లో 30,000 ఇళ్లు తలపెట్టగా, 2024 జనవరిలో 15,000 ఇళ్లు అప్పగించారు. అక్కడ నేల చవక కనుక వాటాల లెక్క కుదిరింది. కాని నేల చవకగా దొరికేది ఊరికి దూరంగానే. బస్సు, బడి, ఆసుపత్రి వెంట రాకపోతే చవక ఇంటి ఖర్చు ప్రయాణాల్లో తేలుతుంది. ఇల్లు మారితే పిల్లల బడి మారుతుంది. ఒక్కోసారి ఆడపిల్ల చదువే ఆగిపోతుంది. ఉపాధ్యాయులకు ఈ సంగతి బాగా తెలుసు.

మీ చాళ్‌కో, వాడకో పునర్నిర్మాణం వస్తే మూడు విషయాలు అడగండి. పని పూర్తయ్యేదాకా అద్దె ఎవరిస్తారు, ఎన్నాళ్లిస్తారు? అది ఒప్పందంలో రాసి రిజిస్టరు చేశారా? కొత్త మేడలో లిఫ్టుకు, నీటి పంపుకు నెలనెలా అయ్యే ఖర్చెంత? ఉచితంగా వచ్చిన ఇల్లు కూడా ఈ చివరి ఖర్చు భరించలేకే చేజారుతుంది. కాగితం మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటే, చదవగలిగిన పిల్లలచేత చదివించుకొని, అర్థమయ్యాకే సంతకం చేయండి. ఇంటి పత్రంలో ఇల్లాలి పేరూ ఉండేలా చూసుకోండి.