అరచేతిలో కాస్మిక్ కిరణాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అందరూ ఒకసారి అరచేయి చాపండి. ఒక నిమిషంలో ఆ చేతిలోంచి దాదాపు 100 మ్యూయాన్లు దూరి పోతాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పైన గాలిని ఢీకొంటే పుట్టే కణాలివి. ఎలక్ట్రాన్‌కు అన్నలాంటివి, కాకపోతే 207 రెట్లు బరువు. ఈ స్లాబు వాటికి ఒక లెక్క కాదు.

1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూన్‌లో 5,300 మీటర్ల ఎత్తుకు పోయి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని కనిపెట్టాడు. 1936లో నోబెల్ వచ్చింది. మన దేశంలో బిభా చౌధురి, డి.ఎం. బోస్ డార్జిలింగ్ కొండల్లో ఫొటో ప్లేట్లు పెట్టి ఈ కణాల జాడలు వెతికారు. యుద్ధకాలంలో మంచి ప్లేట్లు దొరకక ఆ పని ఆగిపోయింది. బిభా పేరు నా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నాకు బాగా ఇష్టమైన కథ మాత్రం కోలార్ బంగారు గనులది. తెలుగు, తమిళ కుటుంబాలు తరాల తరబడి చెమటోడ్చిన చోటది. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆ గనుల్లో ఒక్కో లోతులో మ్యూయాన్లను లెక్కపెట్టుకుంటూ దిగారు. సుమారు 2,760 మీటర్ల లోతులో రెండు నెలలు కాచుకుంటే వచ్చిన లెక్క సున్నా! ఇంకొకరైతే సామాన్లు సర్దుకునేవాళ్లు. వీళ్లు అలా చేయలేదు. మ్యూయాన్ల గోల ఇంత తక్కువ ఉన్నచోటే న్యూట్రినోను పట్టవచ్చని ఆలోచించారు. 1965లో జపాన్, ఇంగ్లండు వాళ్లతో కలిసి, గాలిలో పుట్టిన న్యూట్రినోల జాడను ఆ గనిలోనే పట్టారు. ఆ పరిశోధనాపత్రం మీద మీనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి పేర్లున్నాయి.

రాయి మందం పెరిగితే మ్యూయాన్లు తగ్గుతాయి, లోపల డొల్ల ఉంటే ఎక్కువ వస్తాయి. ఎక్స్‌రే మాదిరే అనుకోండి. ఆల్వారెజ్ ఈజిప్టులో ఖాఫ్రే పిరమిడ్‌ను ఇలాగే చూశాడు, కొత్త గది ఏదీ దొరకలేదు. 2017లో పెద్ద పిరమిడ్‌లో మాత్రం కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ బయటపడింది. మన ఊటీలోని గ్రేప్స్-3 కేంద్రమైతే, 2014 డిసెంబరులో వచ్చిన ఉరుముల మేఘంలో 130 కోట్ల వోల్టులున్నట్టు మ్యూయాన్లతోనే లెక్కగట్టింది.

ఆళ్లగడ్డ శిల్పులు సుత్తితో తట్టి, మోగే తీరును బట్టి రాతిలో పగులుందో లేదో చెప్తారు. చిన్నప్పుడు నోరెళ్లబెట్టి చూసేవాణ్ని. ఒక శిల్పం రాయికి ఆ చెవే చాలు, మ్యూయాన్లు అక్కర్లేదు. కొండంత రాతికి చెవి చాలదు.

మనకు బెలుం గుహలున్నాయి. 3 కిలోమీటర్లకు పైగా పొడవు, పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతు, నెత్తిన సున్నపురాయి. మన పిల్లలు పైన ఒక లెక్క, లోపల నాలుగైదు చోట్ల లెక్క తీసుకుంటే చాలు, రాయి మ్యూయాన్లను ఎలా ఆపుతుందో వాళ్ల గ్రాఫులోనే కనిపిస్తుంది. గుహ ఫొటో వస్తుందని ఆశ పెట్టను, దానికి పెద్ద పరికరాలు కావాలి. దీనికి కావలసింది మ్యూయాన్ తగిలితే మినుక్కుమనే రెండు ప్లాస్టిక్ పలకలు, ఆ వెలుగు పట్టే సెన్సర్లు. అమెరికాలో ఎంఐటీ వాళ్లు ఒక్కో కౌంటర్‌ను సుమారు 100 డాలర్ల సామానుతో తయారుచేసే పద్ధతి విద్యార్థుల కోసం అందరికీ ఇచ్చేశారు. పలకలు ఒకదానిపై ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి మెరిస్తేనే లెక్కలోకి తీసుకోవాలి.

స్వర్ణోత్సవానికి గుర్తుగా గేటు దగ్గర ఆర్చి కట్టాలని చందాలు పోగవుతున్నాయి. ఆర్చి వద్దనను. నా చందా మాత్రం కౌంటర్లకు రాసుకోండి, ఇంకో పదిమంది కలిస్తే పని అయిపోతుంది. టూరిజం వాళ్ల అనుమతికి నేనే తిరుగుతాను. మొదటి రోజు లెక్కలు రాసే నోటుపుస్తకం కూడా నాదే.