చరవాణి: సంచరించే వాక్కు
(నెలవారీ ధార్మిక సభలో చేసిన ప్రసంగపాఠం)



ధర్మకర్తల మండలివారు నన్ను "నిత్యజీవితంలో సెల్‌ఫోను, అంతర్జాలం వలన ప్రయోజనాలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నలభై ఏళ్లు కౌముది పాఠం చెప్పుకున్నవాడికి ఈ విషయం ఇవ్వడం పరిహాసానికేమో అనుకున్నాను. కార్యదర్శిగారు మాత్రం, "తమకంటే ఎక్కువసేపు ఫోనులో మాట్లాడేవారు ఈ ఊళ్లో లేరండీ" అన్నారు. అది నిజం కనుక ఒప్పుకున్నాను.

ఈ యంత్రానికి చరవాణి అని తెలుగువారు పేరు పెట్టుకున్నారు. మా ఇంట్లో ఆ మాట అంటే మా గృహిణి తలైనా తిప్పదు. సెల్లు అంటేనే తెచ్చి చేతికిస్తుంది. అయినా వ్యాకరణం చదివినవాడిని కనుక ఆ పేరు నాకు ప్రీతికరమైంది. అక్షరం సంచరించడం కొత్త కాదు. తాళపత్రం సంచరించింది, అచ్చుపుస్తకం సంచరించింది, తపాలా ఉత్తరం సంచరించింది. నా బాల్యంలో టెలిగ్రాం వచ్చిందంటే విప్పి చూడకముందే వీధి వీధంతా గొల్లుమనేది. ఆ టెలిగ్రాం 2013 జూలైలో శాశ్వతంగా సెలవు తీసుకుంది. ఇప్పుడు సంచరిస్తున్నది వాక్కు. మన విద్య వాక్కునే ఆశ్రయించిన విద్య. పాణినీయ శిక్ష పుస్తకం చూసి చదివేవాడిని అధమ పాఠకులలో లెక్కించింది. ముద్రణాలయం మనకు గ్రంథాన్ని ఇచ్చింది కాని స్వరాన్ని ఇవ్వలేకపోయింది. ఆ లోటు తీర్చినది ఈ చిన్న యంత్రమని నా అభిప్రాయం. అయితే ఈ అభిప్రాయానికి నేను సులభంగా రాలేదు. ఒక శిష్యుని నొప్పించి వచ్చాను.

ఆ శిష్యుడు చిన్నతనంలో నా వద్ద తైత్తిరీయ శాఖలో కొంత భాగం సంత చెప్పుకున్నాడు. తరువాత ఇంజనీరింగు చదివి అమెరికాలోని డల్లాసులో స్థిరపడ్డాడు. 2019లో ఫోను చేసి, "గురువుగారూ, మిగిలిన పాఠం వీడియోలో చెప్పండి, రోజూ మీరు చెప్పిన వేళకు కూర్చుంటాను" అని బతిమాలాడు. "గురుముఖంగా రానిది విద్య కాదు నాయనా, గాజుపలకకు నేను పాఠం చెప్పను" అన్నాను. అతడు మారు మాట్లాడలేదు. ఆ మౌనం నాకు చాలాకాలం వినిపించింది.

మరుసటి ఏడు కరోనా వచ్చింది. అతడు ఏటా తండ్రిగారి ఆబ్దికానికి స్వగ్రామం వచ్చేవాడు. 2020 మార్చిలో విమానాలు నిలిచిపోయాయి. అక్కడ కూడా పురోహితులు ఇల్లు దాటలేని స్థితి. ఇక్కడ ముసలితల్లి ఒక్కతే. ఆమె నాకు ఫోను చేసి, "అయ్యా, ఈ ఏడు ఆయనకు తిలోదకం లేదా?" అని మాత్రం అడిగింది. నేను పురోహితుణ్ణి కాను. అయినా ఆ ప్రశ్న విని ఊరుకోలేకపోయాను.

మొదటి చిక్కు తిథి. వినండి, విదేశాలలో పిల్లలున్నవారికి ఇది పనికివస్తుంది. తిథి ఆరంభమయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే. మారేది ఆయా ఊళ్ల సూర్యోదయం, అపరాహ్ణం. ఆ తిథి మనకు మంగళవారం రాత్రి 8 గంటలకు మొదలై బుధవారం రాత్రి 9 వరకు ఉంది. మనకు బుధవారమే ఆబ్దికం. వేసవిలో డల్లాసు మనకంటే పదిన్నర గంటలు వెనుక. అంటే అక్కడ మంగళవారం ఉదయం 9.30కే తిథి వచ్చి, బుధవారం 10.30కు వెళ్లిపోతుంది. అపరాహ్ణంలో తిథి ఉన్నది అక్కడ మంగళవారమే. మన పంచాంగం గోడకు తగిలించుకొని బుధవారం పెట్టి ఉంటే తిథి తప్పేది. మా మనుమడు అంతర్జాలంలో ఊరి పేరు కొట్టి డల్లాసు పంచాంగం చూపించాడు. నేను నమ్మక పెన్సిలుతో లెక్క కట్టాను. సరిపోయింది.

రెండవ చిక్కు వేళ. అతని అపరాహ్ణం నాకు అర్ధరాత్రి. ఈ వయస్సులో ఆ వేళ నాకు గొంతు లేవదు. మనుమడే ఉపాయం చెప్పాడు. సంకల్పం మొదలు, ఎక్కడ ప్రాచీనావీతి, ఎక్కడ సవ్యం, దర్భలు ఏ దిక్కుకు, ప్రతి మంత్రం తరువాత అతడు పలకడానికి వ్యవధి విడిచి, ముక్కలు ముక్కలుగా నా కంఠం రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాము. భోక్తలు దొరకరు కనుక శాస్త్రం అనుమతించిన ఆమశ్రాద్ధం. నేను నిద్రలో ఉండగా నా గొంతు డల్లాసులో మంత్రం చెప్పింది. ఇక్కడ ఆ తల్లి నిద్రపోకుండా, కొడుకు నువ్వులు నీళ్లు వదలడం తెరమీద చూస్తూ కూర్చున్నదట. తెల్లవారి నాకు ఒక వాయిస్ మెసేజి వచ్చింది. అందులో మాటలేమీ లేవు, అతని వెక్కిళ్లు ఉన్నాయి. అది విని, "నాయనా, రేపటి నుంచి పాఠానికి కూర్చో" అని జవాబు పంపాను.

ఆ పాఠం నేటికీ సాగుతోంది. మొదట్లో కష్టపడ్డాము. ఇద్దరం కలిసి పలికితే ఫోనులో జాప్యం వల్ల గందరగోళమే. కాని మన సంత పద్ధతిలో గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి కదా, ఒకరి తరువాత ఒకరు పలికే పద్ధతికి ఆ జాప్యం అడ్డు రాలేదు. దీర్ఘస్వరితం సాగదీస్తే మాత్రం యంత్రం దానిని రొద అనుకొని మింగేసేది! రొదను అణచే ఆ అమరికను తీసివేయవచ్చునని శిష్యుడే కనిపెట్టాడు.

తక్కిన ప్రయోజనాలు మీకు తెలిసినవే, క్లుప్తంగా చెబుతాను. చెదలు తిన్న నా బాలమనోరమలోని పుటలు అంతర్జాలంలో దొరికాయి. వేళ్లతో పెద్దవి చేసుకొని కళ్లజోడు లేకుండా చదువుతున్నాను. పింఛను ఫోనులోనే కనబడుతోంది. ఒక హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. గదులు, దర్శనం టిక్కెట్లు ఇప్పిస్తామని దేవాలయాల పేర నకిలీ వెబ్‌సైట్లు వెలిశాయి. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు బ్యాంకువారమన్న గొంతును నమ్మి ఓటీపీ చెప్పి, కూతురి పెళ్లికి దాచిన సొమ్ము పోగొట్టుకున్నాడు. వాక్కుకు కాళ్లు వస్తే దొంగవాక్కుకూ వస్తాయి. విరాళం కౌంటరులో రసీదు తీసుకొని ఇవ్వండి. మోసం జరిగితే సిగ్గుపడి దాచక వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము దొరకదు.

మళ్లీ నా శిష్యుని వద్దకు వస్తాను. మా గురువుగారు 1979లో పరమపదించారు. వారి కంఠధ్వని ఎక్కడా లేదు. ఒక అనువాకంలో వారు స్వరం నిలిపే తీరు నా చెవిలో ఉంది కాని మీకు చూపలేను. నా పాఠాలు మాత్రం మొదటి రోజు నుంచి శిష్యుని వద్ద భద్రంగా ఉన్నాయి.

పోయిన నెల అతడు చాలాసేపు తటపటాయించి, "గురువుగారూ, అపరాధం మన్నించాలి. ఈ పదం 2021లో తమరు ఇలా చెప్పారు, ఈ రోజు వేరుగా వచ్చింది. ఏది గ్రహించమంటారు?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నేను తప్పు చెప్పడమా? పాతది వినిపించాడు. నా గొంతే, ఇంకా బలంగా ఉన్నప్పటిది. స్వరం అక్కడ సరిగా ఉంది. ఇప్పుడు జారిపోయినది నాకే. కళ్లు మూసుకొని మూడుసార్లు విన్నాను. ఆ నిలుపులో మా గురువుగారి తీరు కొంత వినిపించింది.

ఇప్పుడు పాఠానికి ముందు ఒక అరగంట ఆ పాత రికార్డు పెట్టుకొని, దాని వెంట నేనూ రెండుసార్లు చెప్పుకుంటున్నాను.