బడి కబురు ఇంటికి చేరు దారి

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



బిడ్డను బడిలో చేర్చుటతో తలిదండ్రుల బాధ్యత తీరినదను భావము లోకమున గట్టిగా పాతుకొని యున్నది. ఉదయము సంచి భుజమునకు తగిలించి పంపుదురు. పొద్దు వాలునప్పటికి బిడ్డ సంచితో మరలి వచ్చును. నడుమ గడచిన గంటలలో ఏమి నేర్చినది, ఎచ్చట తడబడినది, ఎందులకు కంట నీరు పెట్టినది ఇంటివారికి తెలియదు. స్వస్థలమున నున్నవారికి ఈ కొరత కొంత తీరును. పంతులుగారు సంతలో కనబడుదురు. పొరుగింటి బాలుడు ఏదో చెప్పును. పరభాష నడుమ బ్రతుకు కుటుంబమునకు ఆ పాటి ఆధారమును లేదు. బడి మాట తనంత తాను ఇంటికి రాదు, దానిని తెప్పించుకొనవలయును. ఈ ప్రసంగము చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

సూరతు నగరపు ఆగ్నేయ భాగమున, లింబాయత్, డిండోలీ, పర్వత్ పాటియాల సరసన గోడాదరా ఉన్నది. ఒకప్పటి పల్లె, నేడు మహానగరములో కలిసిపోయినది. సొంత ఊరిలో చేతిమగ్గము కూడు పెట్టలేని దినములు వచ్చినపుడు తెలంగాణపు పద్మశాలి కుటుంబములు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి షోలాపూరునకు, భివండీకి, సూరతునకు తరలినవి. ఆ విధముగా వచ్చిన తెలుగువారు గోడాదరాలోను, దాని చుట్టుపట్లను కాపురములు పెట్టుకొని యున్నారు. ఇచ్చటి మరమగ్గములు రేయింబవళ్లు నడచును. పని పండ్రెండు గంటల షిఫ్టు. తండ్రి పగటి షిఫ్టున నున్నచో బిడ్డ బడిలో నున్నంతసేపును ఆయన మగ్గము వద్దనే యుండును. రాత్రి షిఫ్టున నున్నచో బిడ్డ బడికి పోవు వేళకు ఇల్లు చేరి నిద్రించును. తల్లి ఇంటిలోనే చీరలకు రాళ్లు అంటించియో, దారపు కొసలు కత్తిరించియో నాలుగు రూపాయలు సంపాదించుచుండును. ఇట్టి ఇంటికి బడినుండి గుజరాతీలో ఒక కాగితము వచ్చిన దనుకొనుడు. లిపి తెలియదు, అంకెలు సైతము వేరు. చదివి చెప్పవలసిన వారెవరు? ఆ బిడ్డయే.

చిక్కు ఇచ్చటనే యున్నది. తనపై వచ్చిన ఫిర్యాదును తానే తల్లికి అనువదించి చెప్పవలసిన బిడ్డ ఎంతవరకు చెప్పును? పది దినములు బడికి రాలేదని వ్రాసియున్నచోట, 'అందరికిని ఇచ్చినారమ్మా, సంతకము చేయుము' అని చెప్పును. తల్లి వేలిముద్ర వేయును. కాగితము బడికి మరలిపోవును. ఇంటికి తెలియజేయుట జరిగినదని బడి తృప్తి పడును. బడివారు ఏమియు ననలేదని ఇల్లు తృప్తి పడును. నిజము మాత్రము దారిలోనే నిలిచిపోయినది. ఇందుకు బిడ్డను నిందించి ప్రయోజనము లేదు. పెద్దలు మోయవలసిన బరువు వాని తలపై పడినది.

సూరతు ఈ విషయమున సదుపాయము లేని నగరము కాదు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్లము అను ఏడు మాధ్యమములలో నడచుచున్నవి. ఇట్టి ఏర్పాట్ల వెనుక ఒక చరిత్ర కలదు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని తమ మాతృభాషలో చదువ గోరు పిల్లలున్నచో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని ఏర్పాటు చేయవలెనని తీర్మానించినది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు యత్నింపవలెనని చెప్పుచున్నది. కాని సదుపాయము నిలుచుట కోరువారి సంఖ్యను బట్టి యుండును. కోరుటకు ముందు అది కలదని తెలియవలెను గదా!

తెలుగు కుటుంబము లన్నియు తెలుగు మాధ్యమమునే ఎన్నుకొనుట లేదు. ఈ నేలపై బ్రతుకవలెను గనుక గుజరాతీ మేలని కొందరు, ఉద్యోగమునకు ఆంగ్లము దారి యని కొందరు తలతురు. ఎవరి యోచన వారిది. దానిని తేల్చుట ఈ ప్రసంగమునకు పని కాదు. ఎన్నుకొనుటకు ముందే దాని పర్యవసానము ఇంటికి తెలియుట ముఖ్యము. గుజరాతులో ప్రాథమిక విద్య ఎనిమిదవ తరగతితో ముగియును. తరువాత ఏ మాధ్యమము, ఎచ్చటి పాఠశాల, ఎంత దూరము అను ప్రశ్నలు ఎనిమిదవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట తలయెత్తినచో ఆలస్యమైనట్లే. ఆ వేసవిలోనే చదువు, విశేషించి ఆడపిల్లల చదువు, ఆగిపోవు ప్రమాదము కలదు. ఐదవ తరగతి నాడే ఈ సంగతి తల్లికి తెలిసినచో మూడేండ్ల వ్యవధి చిక్కును. అట్లే, 2023లో గుజరాతు శాసనసభ ఒకటవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు అన్ని పాఠశాలలలోను గుజరాతీ బోధనను తప్పనిసరి చేయుచు చట్టము చేసినది. తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు ఇచ్చటి భాష రాకపోవునేమో యను భయము, ఈ వార్త తెలిసిన ఇంటిలో కొంత తగ్గును.

బడి సంగతులు తెలియజేయుట ఉపాధ్యాయుల దయ కాదు, చట్టము విధించిన కర్తవ్యము. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టమున 24వ సెక్షను, ఉపాధ్యాయులు తలిదండ్రులతో క్రమముగా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకొను శక్తి, చదువులో సాధించిన పురోగతి మొదలగు విషయములు తెలుపవలెనని నిర్దేశించినది. 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలలోను, స్థానిక సంస్థల పాఠశాలలలోను యాజమాన్య సంఘముండవలెను. అందు నాలుగింట మూడు వంతులు తలిదండ్రులో, సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. మరమగ్గపు పనివాని భార్యకు చట్టము అచ్చట కుర్చీ వేసినది. కాని అందు కూర్చున్నపుడు జరుగు మాటలు బోధపడనిచో ఆమె సంతకమునకు మాత్రమే సభ్యురాలు.

ఈ కాలమున వార్త పోవు వేగమునకు కొదువ లేదు. గాంధీనగరములోని విద్యా సమీక్షా కేంద్రము రాష్ట్రపు పాఠశాలల హాజరు వివరములను ప్రతిదినము సేకరించుచున్నది. గోడాదరాలోని బిడ్డ బడికి రాని సంగతి అంత దూరము పోగలిగినపుడు, అదే వీధిలోని తల్లికి చేరకపోవుట విచారకరము. బడివారు వాట్సప్ సందేశము పంపవచ్చును. ఇంటికి ఒకే ఫోను. అది తండ్రి జేబులో, మగ్గముల రొదలో నుండును. సందేశము చేరినంత మాత్రమున సమాచారము చేరినట్లు కాదు. చదివినవానికి అర్థము కావలెను. అర్థమైన వానికి మారు పలుకుటకు వీలుండవలెను. అప్పుడే అది కబురనిపించుకొనును.

తలిదండ్రులకు బిడ్డలపై శ్రద్ధ లేదని తొందరపడి తీర్పు చెప్పరాదు. గుజరాతు గడ్డపై పుట్టిన విద్యావేత్త గిజుభాయి బధేకా (1885–1939) భావనగరులో 1920లో బాలమందిరము నెలకొల్పి, బిడ్డల కొరకే గాక తలిదండ్రుల కొరకును పుస్తకములు వ్రాసినారు. తెలుగున 'పగటికల'గా వచ్చిన ఆయన గ్రంథములోని ఉపాధ్యాయుడు తలిదండ్రులను సభకు పిలువగా వచ్చినవారు బహు కొద్దిమంది. నాటికిని నేటికిని ఆ కష్టము ఒక్కటే. పండ్రెండు గంటల పనివానిని పని దినమున పగలు పదకొండు గంటలకు రమ్మనుట పిలుపు కాదు. కార్ఖానాకు సెలవున్న నాడో, షిఫ్టు మారు వేళనో పిలిచిననే వచ్చుటకు వీలగును. ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలలో ఒకే దినమున తలిదండ్రుల సమావేశములు జరిపినారు. పండుగవలె జరిగిన అట్టి దినము మంచిదే. అయితే ఏడాదికొక పండుగ కంటె నెలకొక చిన్న మాట బిడ్డకు ఎక్కువ మేలు చేయును.

మరి తెలుసుకొనవలసిన దేమి? చదువుకొన్న ఇండ్లలోను ఈ విషయమున లోపము లేకపోలేదు. బదిలీలపై తిరుగు కేంద్ర ప్రభుత్వోద్యోగుల బిడ్డల చదువు దెబ్బతినకుండుటకు 1963 నుండి కేంద్రీయ విద్యాలయములు ఏర్పడినవి. అచ్చటి డైరీని, ప్రగతి పత్రమును చదువగల తలిదండ్రులు ఈ సంఘమున నిండుగా నున్నారు. కాని పత్రము రాగానే కన్ను పోవునది మార్కుల మీదికే. నూటికి నలుబది యని తెలిసిన వెంటనే కోపము వచ్చును గాని, ఏ పాఠము తెలియక నలుబది వచ్చినవో తెలియదు. భిన్నములు రాలేదా, ప్రశ్న చదివి అర్థము చేసికొనుట రాలేదా, నల్లబల్ల కనబడలేదా? మొదటిదానికి లెక్కల పాఠము, రెండవదానికి భాషా పాఠము, మూడవదానికి కంటి అద్దములు కావలెను. మూడింటికిని తిట్లు మందు కావు.

అక్షరము రాని తల్లియు బిడ్డ చదువును పరీక్షింపగలదు. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థము గ్రహించి చదువవలెనని, సామాన్యమైన లెక్కలు చేయవలెనని 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకము లక్ష్యముగా పెట్టుకొన్నది. తల్లి రాత్రి భోజనమైన పిమ్మట పుస్తకమునుండి పది పంక్తులు పైకి చదువుమని, ఆ కథను తెలుగులో చెప్పుమని అడుగవచ్చును. భాష తెలియకున్నను, గొంతు సాగుచున్నదో తడబడుచున్నదో చెవికి తెలియును. ఆ పిమ్మట నాలుగే ప్రశ్నలతో ఉపాధ్యాయుని కలిసికొనవలెను: బిడ్డ ప్రతిదినము వచ్చుచున్నదా? చదివినది అర్థమగుచున్నదా? తోడిపిల్లలతో కలియుచున్నదా? ఇంటిలో చేయవలసిన దేమి?

భాష కూడ తలచినంత అడ్డు కాదు. గుజరాతీ బడిలో తరచు వినబడు మాటలు ఇరువదికి మించవు. 'హాజరీ' యన్నను 'గైర్‌హాజర్' అన్నను తెలుగువారికి తెలిసినవే. 'ప్రగతి' ప్రగతియే. 'పరిణామ్' అనగా పరీక్షా ఫలితము. 'ధోరణ్' అనగా తరగతి. 'అభ్యాస్' అనగా చదువు. 'రజా' అనగా సెలవు. 'శిష్యవృత్తి' అనగా విద్యార్థి వేతనము. 'వాలీ మీటింగ్' అనినపుడు తెలుగు చెవికి కిష్కింధ స్ఫురించును గాని, అది తలిదండ్రుల సమావేశము. గుజరాతీలో 'వాలీ' యనగా బిడ్డ సంరక్షకుడు. ఈ మాటలను తెలుగు లిపిలో ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించినచో, చదువ వచ్చిన వారెవరైనను ఇంటిల్లిపాదికి నేర్పవచ్చును.

ఇంటికి పోవు చీటీ ఏ తెలుగులో నుండవలెనను ప్రశ్నయు కలదు. సభలో గ్రంథభాష చెల్లవచ్చును. తల్లి చేతికి పోవు చీటీలో చెల్లదు. వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు అంతకు ముందే సవరల భాష నేర్చి, వారి బిడ్డలకు వారి పలుకులోనే చదువు చెప్పించినారు. విని అర్థము చేసికొనవలసిన వాని నోటి పలుకే చదువునకు మొదటి మెట్టని ఆయన జీవితము చాటినది. కరీంనగరు తల్లికి వ్రాయు చీటీ కరీంనగరు పలుకులో నున్నచో తప్పేమియు లేదు.

ఇందు ఈ సంఘము చేయదగిన పని చిన్నది, కాని నిలుకడ గలది. రైలు, తపాలా, పన్నుల శాఖలలో పనిచేయు సభ్యులకు గుజరాతీ, హిందీ, ఆంగ్లములతో నిత్య పరిచయము కలదు; ప్రభుత్వపు కాగితము వ్రాయు తీరును తెలియును. నెలకొక పూట ఇద్దరు ముగ్గురు సభ్యులు గోడాదరాలో కూర్చుండి, వచ్చిన కాగితములు చదివి చెప్పి, తలిదండ్రుల మాటను బడికి వ్రాసిపెట్టవచ్చును. సమావేశ దినమున తల్లి వెంట ఒకరు దుబాసీగా పోవచ్చును. అయితే రెండు నియమములు పాటింపవలెను. దుబాసీ తల్లికి బదులు మాటాడరాదు. ఆమె మాటనే చెప్పవలెను. ఒక ఇంటి బిడ్డ మార్కులు మరియొక ఇంటి అరుగుమీద వినబడరాదు.

దారి రెండువైపులను నడువవలెను. ఇంటి సంగతి బడికి తెలియుటయు అవసరమే. రాత్రి మగ్గముల మోతలో నిద్రలేని బిడ్డ తరగతిలో కునికిపాట్లు పడినచో అది సోమరితనము కాదని ఉపాధ్యాయునికి ఎవరు చెప్పవలెను? పెండ్లికి సొంత ఊరు పోయి నెల దినములు రాని బిడ్డకు తప్పిన పాఠము లెవ్వి? ఉపాధ్యాయునికి జనగణన, ఎన్నికల పనులును కలవు. అన్ని ఇండ్లకు ఆయన పోలేడు. ఇల్లే ముందడుగు వేసినచో ఆయనకు బరువు తగ్గును.

సభాసదులారా! బిడ్డ ఒక్క దినమున బడి మానదు. మొదట ఒక పాఠము తప్పును. పిదప ఒక వారము. పిదప పుస్తకము తెరువ సిగ్గగును. చివరకు మగ్గము వద్ద చేయి సాయమునకు పోవును. మొదటి వారమున తెలిసినచో ఒక మాటతో సరిపడును. ఏడాది గడచిన పిమ్మట ఊరంతయు కలిసినను కష్టము. ఆ మొదటి వారపు మాట తల్లి చెవిని పడునట్లు చూచుటయే ఈ సంఘము గోడాదరా బిడ్డలకు చేయగల ఉపకారము.